‘మేడమ్‌కు చెప్పాను’

డ్యూటీ దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకు సంగతులు రాసి అప్పగించే మా హ్యాండోవర్ పుస్తకంలో ఒక వాక్యం ప్రతి పేజీలోనూ ఉండేది. ‘బాత్రూమ్ కుళాయి కారుతోంది, మేడమ్‌కు చెప్పాను.’ ‘12వ గది తాతగారు రాత్రి భోజనం ముట్టలేదు, మేడమ్‌కు చెప్పాను.’ ‘చక్రాల కుర్చీ బ్రేకు పట్టడం లేదు, మేడమ్‌కు చెప్పాను.’ ఆ మేడమ్‌ను నేనే. చాలా ఏళ్ళు ఆ వాక్యం చూస్తే నాకు తృప్తిగా ఉండేది. అన్నీ నా దాకా వస్తున్నాయి, ఏదీ నా చేయి దాటిపోవడం లేదు అనుకునేదాన్ని.

నాది హిందూపురం. నర్సింగ్ చదివి బెంగళూరు వచ్చి 19 ఏళ్ళయింది. గత 11 ఏళ్ళుగా యలహంక వైపు ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సింగ్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి అనుకుంటారు. ఇది అలాంటిది కాదు. పక్షవాతం వచ్చినవాళ్ళు, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళు, తుంటి ఎముక విరిగి మళ్ళీ నడవలేనివాళ్ళు నెలలూ సంవత్సరాలూ ఇక్కడే ఉంటారు. 44 పడకలు. పనిచేసేవాళ్ళలో సగానికి పైగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. కొందరిది పెనుకొండ, గోరంట్ల వైపు. కొందరిది కర్ణాటకలోనే ఉన్న బాగేపల్లి, చింతామణి. మిగతా పిల్లలు మణిపూర్ నుంచి, ఒడిశా నుంచి, కేరళ నుంచి వచ్చినవాళ్ళు.

ఒక వర్షాకాలంలో 5 వారాల్లో ముగ్గురు పడిపోయారు. ముగ్గురూ తూర్పు వరండా గదులవాళ్ళే, ముగ్గురూ రాత్రి 11 నుంచి 1 లోపే. మూడోసారి పడినావిడ అనంతపురంలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. 81 ఏళ్ళు. మణికట్టు విరిగింది. నేను వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని, విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ‘నా వల్ల మీకందరికీ నిద్ర లేకుండా పోయింది’ అంటున్నారు. నేల మీద చెప్పు ఒకటే ఉంది. రెండోది బాత్రూమ్ గడప దగ్గర బోర్లా పడి ఉంది.

తెల్లవారాక ప్రమాద నివేదిక రాయడానికి కూర్చుని, పాత రెండూ తీసి చూశాను. రెండింటిలోనూ నా చేతిరాతే. కారణం: రాత్రి సిబ్బంది నిర్లక్ష్యం. తీసుకున్న చర్య: హెచ్చరించడమైనది. మూడోదానిలోనూ అదే రాయబోయాను. రాయలేకపోయాను. ఇద్దరిని హెచ్చరించాక కూడా మూడో మనిషి పడిపోయిందంటే, ఆ హెచ్చరిక దేనికి పనికొచ్చినట్టు?

ఆ మధ్యాహ్నం అందరినీ హాల్లో కూర్చోబెట్టి సమావేశం పెట్టాను. మేనేజరుగారూ వచ్చారు. ‘మనసులో మాట చెప్పండి, ఎవరినీ ఏమీ అనం’ అన్నాను. నర్సులు ఇద్దరు స్టాఫ్ తక్కువని అన్నారు. ఆయాలు, వార్డు బాయ్‌లు నేల చూపులు చూశారు. 40 నిమిషాలకు లేచి వెళ్ళిపోయాం. తప్పు వాళ్ళది కాదని ఇప్పుడు అర్థమవుతోంది. పొద్దున హెచ్చరించే మనిషి మధ్యాహ్నం మనసు విప్పమంటే ఎవరు విప్పుతారు?

రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున 5 గంటలకు వెళ్ళాను. ఆ సమయంలో రాత్రి డ్యూటీ ఆయాలు ఉతికిన దుప్పట్లు మడత పెట్టే గదిలో టీ తాగుతారు. నేనూ ఒక గ్లాసు తీసుకుని దుప్పట్ల మూట మీద కూర్చున్నాను. చాలాసేపు వాళ్ళ పిల్లల చదువుల గురించే మాట్లాడుకున్నాం. బాగేపల్లి ఆయమ్మ ఉంది. నాకంటే పెద్దది, తక్కువ మాట్లాడుతుంది. దుప్పటి అంచులు కలుపుతూనే అంది: ‘టీచరమ్మకు రాత్రి నీరు తీసే మాత్ర ఇస్తారు కదమ్మా. పడుకున్నాక గంటకోసారి లేస్తుంది. ఆ వరండాలో ముగ్గురికీ అదే మాత్ర.’

‘ఇది ముందే ఎవరికైనా చెప్పారా అమ్మా?’ అని అడిగాను.

‘సిస్టర్‌కు చెప్పాను. సిస్టర్ నీకు చెప్పింది.’

పుస్తకం తెరిచి చూశాను. 7 వారాల కిందటి పేజీలో ఉంది: ‘తూర్పు వరండా వాళ్ళు రాత్రి ఎక్కువసార్లు బాత్రూమ్‌కు లేస్తున్నారు. మేడమ్‌కు చెప్పాను.’ నిజంగానే చెప్పింది. ఎవరినో ఆసుపత్రికి పంపించే హడావుడిలో ఫోనులో విని ‘సరే చూస్తాను’ అన్నాను. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. చూసిన మనిషి చెప్పేసింది కాబట్టి ఆమె బాధ్యత తీరింది. విన్న మనిషి మరిచిపోయింది. మధ్యలో ముగ్గురు పడిపోయారు.

సమస్య ఎవరి కంట పడిందో వాళ్ళ చేతిలో ఏమీ లేదు. చేతిలో అధికారం ఉన్న నా కంటికి అది కనపడదు. ఆ ఉదయం నుంచి ఏడాదిన్నర పాటు మేం చేసిన పని అంతా ఈ రెండింటినీ దగ్గర చేయడానికే.

మా దగ్గర ఉండే ఒక పెద్దావిడ కొడుకు బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆదివారం తల్లిని చూడటానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే, వాళ్ళ పద్ధతి వివరించాడు. టొయోటా విధానంలో లైను మీద పనిచేసే మామూలు కార్మికుడికి కూడా లోపం కనిపిస్తే పైవాళ్ళను పిలిచే ఏర్పాటు చేతికందే దూరంలో ఉంటుంది. తాడు లాగడమో, మీట నొక్కడమో. వెంటనే టీమ్ లీడర్ అతని దగ్గరకు వస్తాడు. అక్కడికక్కడ సరి కాకపోతే లైను ఆగిపోతుంది. ఆ విధానానికి రూపం ఇచ్చిన తైచి ఓనో, ఏ లోపానికైనా ‘ఎందుకు?’ అని ఐదుసార్లు అడగమనేవారట. మొదటి జవాబు దగ్గర ఆగిపోతే మనిషి మీద నింద పడుతుంది, ఐదోదాకా వెళితే పద్ధతిలోని తప్పు బయటపడుతుంది.

నాకు నచ్చి మరునాడే ప్రయత్నించాను. బెడిసికొట్టింది. మన మాటలో ‘ఎందుకు?’ అన్న ప్రశ్న పెద్దవాళ్ళ నోటి నుంచి వస్తే అది తిట్టే. ‘ఎందుకు పడింది? ఎందుకు చూడలేదు? ఎందుకు బెల్లు వినపడలేదు?’ అని వరసగా అడిగేసరికి రాత్రి డ్యూటీ అమ్మాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు నుంచి ప్రశ్న మార్చాను. ‘దానికి ముందు ఏం జరిగింది?’ అంతే. ఒక కథ చెప్పించుకున్నట్టు వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళాం. అలా అడిగితే మనిషి తనను తాను కాపాడుకోవాల్సిన అవసరం ఉండదు. చూసింది చూసినట్టు చెబుతుంది.

టీచరమ్మ పడిపోయిన రాత్రి కథ ఇలా బయటికి వచ్చింది. ఆవిడ హడావుడిగా లేచి చీకట్లో నడిచారు. దానికి ముందు బెల్లు కొట్టారు, ఎవరూ రాలేదు. దానికి ముందు, 12 గంటలకు ఇద్దరు ఆయాలూ పడమటి వైపు మంచానపడ్డవాళ్ళను పక్కకు తిప్పడానికి వెళ్ళారు. పడకపుండ్లు రాకుండా 2 గంటలకోసారి తిప్పాలన్నది మా నియమం, ఆ పనికి ఇద్దరు కావాలి, రాత్రి ఉండేది ఇద్దరే. దానికి ముందు, 8 గంటలకు ఆవిడకు ఆ నీరు తీసే మాత్ర, ఫ్యూరోసెమైడ్, వేశారు. ఆ మాత్ర గంటలోపే పనిచేయడం మొదలుపెట్టి 6 నుంచి 8 గంటలు నీరు లాగుతుంది. దానికి ముందు? డాక్టరుగారు రోజుకు రెండుసార్లు అని రాశారు. ఆయన ఉద్దేశం పొద్దున, మధ్యాహ్నం. మా మందుల బండి పొద్దున 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి తిరుగుతుంది. రోజుకు రెండుసార్లు అని రాసి ఉన్న ప్రతి మందునూ మేం పొద్దుటికీ రాత్రికీ పడేసేవాళ్ళం. ఆ సమయ పట్టిక తయారుచేసింది నేను, ఇక్కడ 20 మంది ఉన్న రోజుల్లో.

నిర్లక్ష్యం అని రెండుసార్లు రాసి, మూడోసారీ రాయబోయిన నివేదిక చివరికి నా పట్టిక దగ్గరికి వచ్చి ఆగింది. ఆ సంగతి అందరి ముందూ చెప్పాను. బాధ కలగలేదని చెప్పను. కానీ నేను ఆ మాట అన్నాకే మిగతావాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి.

డాక్టరుగారు ఆ ముగ్గురి మందులూ చూసి రెండో మోతాదును మధ్యాహ్నం 2కి మార్చారు. లేచి నిలబడితే బీపీ పడిపోతోందేమో చూడమన్నారు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన 3 నిమిషాల్లోపు ఒకసారి కొలవాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ మనిషిని చటుక్కున లేవనివ్వకూడదు. టీచరమ్మకు 26 తగ్గింది. ఇక రాత్రి పద్ధతిని ఆయాలే మార్చారు. 12 గంటల తిప్పుడు మొదలుపెట్టే ముందు, పావుగంట ముందుగా తూర్పు వరండాలో మెలకువగా ఉన్నవాళ్ళను బాత్రూమ్‌కు తీసుకెళ్ళి వస్తామన్నారు. నాకు తట్టని ఆలోచన అది. ఆ రెండు పనులనూ రోజూ చేసేవాళ్ళకే తట్టింది.

ఆ తర్వాత వరండాలో ఒక బోర్డు పెట్టాం. కనపడిన సమస్య ఎవరైనా రాయవచ్చు. తెలుగు, కన్నడ, ఇంగ్లిషు, హిందీ, ఏదైనా సరే. రాయలేనివాళ్ళు చెబితే నర్సు వాళ్ళ మాటల్లోనే రాయాలి, బాగుచేసి రాయకూడదు. ఎదురుగా ఒక పేరు, ఒక తేదీ. ఆ పేరు తప్పు చేసిన మనిషిది కాదు, పని తేలేదాకా వెంటపడే మనిషిది. ఇది చెప్పినంత తేలిగ్గా ఎక్కలేదు. మొదటి రెండు వారాలు పేరు రాయమంటే అందరూ నా పేరే రాశారు.

బోర్డు మీద మొదట వచ్చినవి చూసి మేనేజరుగారు చిన్నబుచ్చుకున్నారు. రాత్రి టీ చల్లగా ఉంటోంది. చేతి తొడుగులు సరిపోవడం లేదు. లిఫ్టు దగ్గర బల్బు లేదు. ‘పడిపోవడాల గురించి బోర్డు పెడితే టీ గురించి రాస్తారా?’ అన్నారు. నేను పట్టుబట్టాను, ముందు ఇవే తీరాలని. చేతి తొడుగుల సంగతి చూడండి. స్టోరులో మధ్యస్థం, పెద్ద సైజులే కొంటున్నారు. మా ఆయాల చేతులు చిన్నవి. తొడుగు జారిపోతుంది, వేళ్ళ చివర్లు ముడుచుకుని మంచం కడ్డీలకు తగులుకుంటాయి. అందుకని తీసేసి వట్టి చేతులతో శుభ్రం చేస్తున్నారు. నేనేమో చేతి శుభ్రత గురించి ఏటా రెండుసార్లు క్లాసు తీసుకుంటున్నాను. చిన్న సైజు పెట్టెలు 4 రోజుల్లో వచ్చాయి. వార్డు బాయ్ ఒకతను కొత్త తొడుగు వేసుకున్న చేతిని చూపించడానికి నా గదికి వచ్చాడు. రాస్తే జరుగుతుందన్న నమ్మకం ఆ తొడుగులతో మొదలైంది.

పైవాళ్ళు మారడం ఇంతకంటే కష్టమైంది. మా డైరెక్టరుగారు మంచి మనిషి. ప్రతి గురువారం 3 గంటలకు బోర్డు దగ్గర అరగంట నిలబడతానన్నారు, నిలబడ్డారు. కానీ ఏ మాట విన్నా అక్కడికక్కడ ఫోను తీసి ఎవరికో ఆర్డరు వేసేవారు. నెల తిరిగేసరికి పుస్తకంలో ‘మేడమ్‌కు చెప్పాను’ పోయి ‘గురువారం సార్‌కు చెప్పాలి’ వచ్చింది. చూసి నాకు గుండె జారింది. ఆయనతో గది తలుపు వేసుకుని మాట్లాడాను. మీరు పరిష్కరించిన ప్రతిసారీ వాళ్ళు ఆలోచించడం మానేస్తున్నారు, నేను 10 ఏళ్ళు చేసింది ఇదే అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి రెండు ప్రశ్నలు మాత్రమే అడుగుతానని ఒప్పుకున్నారు. ‘మీరు ఏం ప్రయత్నించారు?’ ‘నా నుంచి ఏం కావాలి?’ రెండో ప్రశ్నకు వాళ్ళు ఏం అడిగినా, దానికి ఆయన జవాబు వచ్చే గురువారానికల్లా ఇవ్వాలి. కుదరదన్న జవాబైనా సరే, కారణంతో సహా ఇవ్వాలి. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నారు. ఒక గురువారం జ్వరంతో రాలేకపోతే ఫోను చేసి మరీ జవాబులు చెప్పారు.

నా వరకు రాత్రి ఫోన్లు పరీక్ష. 2 గంటలకు ఫోను మోగుతుంది, ‘మేడమ్, 9వ గది తాతగారు మందు ఉమ్మేస్తున్నారు.’ ఏం చేయాలో నాకు వెంటనే తెలుస్తుంది, చెప్పేస్తే 20 క్షణాల్లో మళ్ళీ నిద్రపోవచ్చు. దాని బదులు ‘నువ్వు అక్కడ ఉన్నావు కదమ్మా, నీకేమనిపిస్తోంది?’ అని అడగడం మొదలుపెట్టాను. అటు నుంచి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని భరించడం నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. నిజానికి చాలాసార్లు వాళ్ళకు జవాబు తెలుసు. తాతగారు పడుకోబెట్టి ఇస్తే ఉమ్ముతారు, కూర్చోబెట్టి కాసేపు పాత పాట పాడితే మింగుతారు అని ఆ అమ్మాయికే తెలుసు. నా నోటి నుంచి సరే అనిపించుకోవడానికి చేసిన ఫోను అది.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. బాధ్యత తీసుకోవడమంటే సొంత వైద్యం కాదు. అందుకే రెండు కాగితాలు గోడకు అంటించాం. మొదటిది ఎవరినీ అడగకుండా చేయదగినవి: మంచం ఎత్తు తగ్గించడం, గది సామాను జరపడం, తిప్పే సమయం ముందుకు జరుపుకోవడం, కొడుక్కో కూతురికో ఫోను కలపడం, పెట్టెలో ఉంచిన డబ్బులో 500 రూపాయల దాకా ఖర్చు పెట్టడం. రెండోది ఆ క్షణమే డాక్టరుకు చెప్పాల్సినవి: రక్తం పలచబరిచే మందు వాడే మనిషికి తలకు దెబ్బ తగలడం, మామూలు కంటే మత్తుగా ఉండటం, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, చక్కెర 70 కంటే తగ్గడం. ఈ రెండో కాగితం ఉండబట్టే మొదటి కాగితం ఇవ్వడానికి నాకు ధైర్యం వచ్చింది.

ఒక ఉదయం గోరంట్ల అమ్మాయి, ఇంకా రెండేళ్ళ అనుభవం కూడా లేని నర్సు, ఇన్సులిన్ సిరంజి నింపబోయి ఆగింది. చక్కెర 84. ఆయన ఇడ్లీ ముట్టలేదు, రాత్రి కూడా సరిగా తినలేదు. చార్టులో ఇన్సులిన్ ఇవ్వమనే ఉంది. అదివరకైతే చార్టు ప్రకారం ఇచ్చేసేది, లేదా నేను వచ్చేదాకా 9 గంటలవరకు కూర్చునేది. ఆమె సిరంజి పక్కన పెట్టి డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది. అంకె చెప్పింది, తినలేదని చెప్పింది, ‘ఇప్పుడు ఇవ్వడం మంచిది కాదనిపిస్తోంది సార్, మీరేమంటారు?’ అంది. డాక్టరుగారు ఆపమని, తిన్నాక మళ్ళీ చూసి మోతాదు చెబుతానని అన్నారు. నేను వచ్చేసరికి ఆమె ఆయనకు పెరుగన్నం తినిపిస్తోంది. నాకు చెప్పాల్సిన అవసరం కూడా ఆమెకు కనిపించలేదు. పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

అన్నీ కుదిరాయని కాదు. బోర్డు మీద మూడు పెద్ద సమస్యలు కనిపెట్టి తీర్చిన చింతామణి ఆయమ్మ, నెలకు 1,500 ఎక్కువిస్తామంటే వేరే చోటికి వెళ్ళిపోయింది. ఆమెను తప్పు పట్టలేను, ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు. 12 గంటల షిఫ్టు చేసే మనిషిని, వారం సెలవు ఎప్పుడొస్తుందో తెలియని మనిషిని, ఇది నీ సొంత పని అనుకో అనడానికి మనకు హక్కు ఉందా అని డైరెక్టరుగారిని బోర్డు దగ్గరే అడిగాను. జీతాల సంగతి ఆ ఏడాది కుదరదన్నారు. వారం సెలవు రోజు మాత్రం నెల ముందే ఖాయం చేసి గోడ మీద పెట్టించారు. ఏజెన్సీ ద్వారా వచ్చి 3 నెలలకు మారిపోయేవాళ్ళతో ఇంకా ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాం. పడిపోవడాలు పూర్తిగా ఆగలేదు, 80 దాటినవాళ్ళు ఉన్న చోట పూర్తిగా ఆగవు కూడా. తూర్పు వరండాలో మాత్రం, మందు వేళ మార్చాక, అర్ధరాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ ఎవరూ పడలేదు.

హ్యాండోవర్ పుస్తకంలో ఇప్పుడు మూడు గళ్ళు గీయించాం: ఏం చూశాను, ఏం చేశాను, ఎవరి నుంచి ఎప్పటికి ఏం కావాలి. నర్సులతో పాటు ఆయాలు కూడా అందులో రాయవచ్చు. బాగేపల్లి ఆయమ్మ చదివింది కన్నడ బడిలో, అది కూడా 5వ తరగతి దాకా. ఇంటి మాట తెలుగు. అందుకని కన్నడ అక్షరాలతో తెలుగు రాస్తుంది. నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాను.

మొన్న సోమవారం, పడకపుండు మొదలయ్యే గుర్తు చూసి రాసింది ఇది. ‘7వ గది అమ్మ ఎడమ మడమ ఎర్రగా ఉంది. వేలితో నొక్కి చూశాను, తెల్లబడలేదు. కాలి కింద దిండు పెట్టి మడమ మంచానికి తగలకుండా లేపి ఉంచాను. డాక్టరు సార్ 10 గంటలకు చూడాలి. చూసినారో లేదో సాయంత్రం వచ్చి నేను అడుగుతాను.’

సాయంత్రం వచ్చింది. చేతిసంచి కింద పెట్టకముందే అడిగింది.